మంచు పడని ఊళ్ళో కూలెంట్ ఎందుకు? రేడియేటర్ తుప్పు, మన బోరు నీళ్ళు

సువర్ణముఖి · చంద్రగిరి

అందరికీ నమస్తే. ఈమధ్య పాత డీజిల్ బండి ఒకటి కొన్నాను, ఏడు సీట్లది. ఇంజన్ శబ్దం, పికప్ బాగున్నాయి. నిన్న పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి చూస్తే లోపల నీళ్ళు ఇటుక రంగులో ఉన్నాయి. మెడ లోపలి అంచును వేలితో తుడిస్తే గోధుమరంగు బురద అంటుకుంది. మూత రబ్బరు మీదా అదే. పై హోస్ బిగించిన అల్యూమినియం మూతి చుట్టూ తెల్లటి పొడి గట్టిపడి ఉంది, గోటితో గీకితే రాలింది.

టెంపరేచర్ ముల్లు మామూలుగా సగం దగ్గరే ఉంటుంది. బాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ వేస్తే మాత్రం సగం దాటుతోంది. పాత ఓనర్‌ని అడిగితే, "మన ఊళ్ళో మంచు పడుతుందా ఏంది, కూలెంట్ ఎందుకు? ఎప్పుడూ బోరు నీళ్ళే పోశాను" అన్నాడు. ఒక షెడ్డులో చూపిస్తే, నీళ్ళు పారబోసి లీటరు కూలెంట్ పోస్తే చాలన్నారు. ఇంకో షెడ్డులో ఆసిడ్ పోసి కడుగుదామన్నారు. అక్కడే నాకు టెన్షన్ మొదలైంది. ఏం చేయమంటారు?

ఘాట్‌రోడ్ · తిరుపతి, ట్యాక్సీ

ఆసిడ్ మాత్రం పోయించొద్దన్నా. ముందు అది ఆపండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

స్పానర్17 · చిత్తూరు, రిటైర్డ్ డీజిల్ మెకానిక్

తమ్ముడు చెప్పింది నిజం. బాత్‌రూం కడిగే ఆసిడ్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్. అల్యూమినియం హెడ్డునూ రేడియేటర్ గొట్టాలనూ అది తినేస్తుంది. పైగా ఎంత కడిగినా సందుల్లో క్లోరైడ్ మిగిలిపోయి, కూలెంట్ పోసిన తర్వాత కూడా తన పని తాను చేసుకుపోతుంది. రెండో షెడ్డు వైపు మళ్ళీ వెళ్ళకండి.

రసాయనం · తిరుపతి, కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను

పాత ఓనర్ అడిగిన ప్రశ్న మన జిల్లాలో సగం మంది అడిగేదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

కూలెంట్‌లో ఉండేవి ముఖ్యంగా రెండు. ఒకటి ఇథిలీన్ గ్లైకాల్. నీళ్ళు గడ్డకట్టకుండా చూడటం, మరిగే ఉష్ణోగ్రతను పెంచడం దాని పని. రెండోది తుప్పు నిరోధకాల మిశ్రమం. మనకు గడ్డకట్టే బాధ లేదు నిజమే. హార్స్‌లీ హిల్స్ చలి కూడా అంత దూరం పోదు. కానీ తుప్పుకు మంచుతో సంబంధం లేదు. వేడి పెరిగేకొద్దీ తుప్పు వేగమే పెరుగుతుంది. అంటే కాశ్మీర్‌లో ఉండేవాళ్ళకంటే తిరుపతి ఎండల్లో తిరిగేవాళ్ళకు ఆ రెండోదాని అవసరం తక్కువేమీ కాదు.

ఇంజన్ లోపల ఒకే నీళ్ళు ఎన్ని లోహాలను తాకుతున్నాయో చూడండి. సిలిండర్లుండే పోత ఇనుప బ్లాకు, దాని పైన మూతలా కూర్చునే అల్యూమినియం హెడ్డు, అల్యూమినియం లేదా రాగి-ఇత్తడి రేడియేటర్, టంకం, ఉక్కు క్లిప్పులు. వేర్వేరు లోహాలు, వాటి మధ్య ఉప్పు కరిగిన నీళ్ళు ఉంటే అది బ్యాటరీ సెల్లే. ఏ లోహం ఎక్కువ చురుకైనదో అది కరిగిపోతుంది, ఎక్కువసార్లు అది అల్యూమినియమే. దాని మీద సహజంగా ఒక ఆక్సైడ్ పొర ఉండి కాపాడుతుంది. క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడా ఛేదిస్తుంది. ఛేదించిన చోట గుంట పడి లోపలికి దిగుతుంది, చుట్టుపక్కల బాగానే కనిపిస్తుంది. మీ హోస్ మూతి దగ్గరి తెల్ల పొడిలో అల్యూమినియం తుప్పు ఉంటుంది, కారి ఎండిన నీటి ఉప్పు కూడా కలిసి ఉండొచ్చు. ఇటుక రంగు బ్లాకు ఇనుముది.

నిరోధకాలు చేసే పని లోహం మీద సన్నని రక్షణ పొర వేయడం, గ్లైకాల్ పాతబడి ఆమ్లంగా మారుతుంటే ఆ ఆమ్లాన్ని తట్టుకోవడం. వట్టి బోరు నీళ్ళలో ఈ రెండూ లేవు.

తోతాపురి · బంగారుపాళెం

మేడం, మీరు చెప్పింది కాదనను. కానీ మా నాయన కాలం ట్రాక్టర్‌కు బావి నీళ్ళు తప్ప ఇంకోటి పోసి ఎరగం. మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీ ముందు రాత్రంతా లైన్లో నిలబడేది, ఇంజన్ ఆపుతూ వేస్తూ ముందుకు జరిపేవాళ్ళం. రేడియేటర్ ఎప్పుడూ పోలేదు. ఇప్పటి బండ్లకే ఎందుకింత సున్నితం?

స్పానర్17

మంచి ప్రశ్న వేశావు నాయనా. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. ఆ కాలం బండ్ల ఇంజన్‌లో బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే, రేడియేటర్ దళసరి రాగి-ఇత్తడి. నీళ్ళు పారే దారులు వెడల్పు. మీ నాయన ట్రాక్టర్ కూడా ఆ కుటుంబంలోదే. అర మిల్లీమీటరు తుప్పు పోయినా దానికి లెక్క లేదు. ఇప్పటి అల్యూమినియం రేడియేటర్ గొట్టం గోడ మందం చాలా బండ్లలో అర మిల్లీమీటరు కూడా ఉండదు.

ఇంకొకటి. రేడియేటర్ పోలేదన్నావు. బ్లాకు లోపల చూశావా? అలాంటి ఇంజన్లు విప్పినప్పుడు సిలిండర్ చుట్టూ నీళ్ళు తిరిగే చోట, ముఖ్యంగా వెనక సిలిండర్ దగ్గర, సున్నపు పొర గట్టిగా పట్టి ఉండేది. ఉలి పెట్టి కొట్టాల్సి వచ్చేది. పోత ఇనుము వదిలే వేడిలో ఆ పొర పదో వంతు కూడా వదలదు. బయట రేడియేటర్ చల్లగానే ఉంటుంది, ముల్లు కూడా సరిగ్గానే చూపిస్తుంది, లోపల ఆ సిలిండర్ మాత్రం కాలిపోతూ ఉంటుంది. రింగులు త్వరగా పోయాయని, ఆయిల్ తాగుతోందని అనుకుంటాం, దాని మూలం నీళ్ళలో ఉందని తట్టదు.

నీవా · చిత్తూరు, లారీలు

అన్న చెప్పిన దానికి తోడు మా పదిచక్రాల లారీ సంగతి రాస్తాను. సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాం. మొగిలి ఘాట్ దాటి బెంగళూరుకు లోడు తిరిగేది. ఉన్నట్టుండి రేడియేటర్ నీళ్ళు తగ్గడం మొదలైంది. కింద ఒక్క చుక్క కారడం లేదు, హోసులు పొడిగా ఉన్నాయి. ఆయిల్ గేజ్ తీస్తే ఆయిల్ లెవెల్ పెరిగి ఉంది. హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయిందని అందరూ అన్నారు. హెడ్డు విప్పితే గ్యాస్కెట్ బాగానే ఉంది.

లైనర్లు, అంటే పిస్టన్లు లోపల ఆడే ఇనుప గొట్టాలు, బయటకు లాగాక తెలిసింది. ఒక లైనర్ బయటి వైపు, పిస్టన్ అదిమే పక్కన, పై నుంచి కిందికి ఒకే వరసలో సన్నటి గుంటలు. వేలితో తడిమితే గరుకు తగులుతుంది అంతే. లైనర్ లోపల బల్బు పెట్టి చీకట్లో చూస్తే రెండు చోట్ల సూదిమొనంత వెలుగు బయటికి వచ్చింది. ఆ రెండు చుక్కల నుంచే నీళ్ళు ఆయిల్‌లోకి దిగుతున్నాయి. బేరింగులు కూడా దెబ్బతిన్నాయి. మిగతా లైనర్ అంతా కొత్తదానిలాగా ఉంది.

మాకు అప్పటిదాకా తుప్పంటే మొత్తం ఎర్రగా పట్టేదనే తెలుసు. ఇదేమిటో మేడం చెబుతారా?

రసాయనం

దాన్ని కావిటేషన్ అంటారు. పిస్టన్ పక్కకు కొట్టినప్పుడల్లా లైనర్ అదురుతుంది. గోడ నీటి నుంచి వెనక్కి జరిగిన క్షణంలో ఒత్తిడి పడిపోయి చిన్న ఆవిరి బుడగలు పుడతాయి, గోడ తిరిగి రాగానే పగులుతాయి. ఆ పగిలే దెబ్బ చాలా చిన్న చోట, చాలా గట్టిగా తగులుతుంది. రక్షణ పొర లేచిపోతుంది, బయటపడిన ఇనుము తుప్పు పడుతుంది, మళ్ళీ దెబ్బ. అందుకే పిస్టన్ అదిమే పక్కనే, నిలువు వరసలో వస్తాయి.

తడి లైనర్లున్న (లైనర్ బయటి వైపుకు నేరుగా నీళ్ళు తగిలే) భారీ డీజిల్ ఇంజన్లకు కూలెంట్ వేరేగా తయారుచేసేది ఇందుకే. పాత తరహా వాటిలో నైట్రైట్ ఉంటుంది, కొన్నిటిలో దానికి మాలిబ్డేట్ తోడు. దెబ్బ తగిలి పొర పోయిన చోట వెంటనే మళ్ళీ పొర వేస్తాయి. నైట్రైట్ వాడేకొద్దీ తరిగిపోతుంది కాబట్టి పరీక్ష పట్టీలతో చూసుకుంటూ, తగ్గితే అదనపు మందు కలపాలి. కారు కూలెంట్ లారీలో పోస్తే రంగు ఒకటే కనిపించినా ఈ రక్షణ ఉండకపోవచ్చు. ట్రాక్టర్లలో కూడా చాలావాటికి తడి లైనర్లే, తోతాపురి గారు గమనించాలి.

తోతాపురి

గమనించాను మేడం. కొత్త ట్రాక్టర్ పుస్తకం ఇంట్లోనే ఉంది, తీసి చూస్తాను.

రేణిగుంట రైడర్

నాది చిన్న పెట్రోల్ కారు. కూలెంట్ కాన్సంట్రేట్ డబ్బా కొన్నాను, నీళ్ళు కలపమని ఉంది. ఏ నీళ్ళు? ఇంట్లో ఆర్ఓ ఉంది, షాపులో మినరల్ వాటర్ క్యాన్ ఉంది, ఏసీ కింద బకెట్ నిండా నీళ్ళు పడతాయి. ఏసీ నీళ్ళు స్వచ్ఛమైనవని మా అపార్ట్‌మెంట్‌లో అందరూ బ్యాటరీకి కూడా పోస్తున్నారు.

ఘాట్‌రోడ్

అక్కా, పెట్రోల్ బంకులో, బ్యాటరీ షాపులో అమ్మే బ్యాటరీ నీళ్ళు తీసుకోండి. అయిదు లీటర్ల క్యాన్ ఖర్చు రేడియేటర్ ఖర్చు ముందు లెక్కలోకే రాదు. కానీ ఆసిడ్ కలిపిన బ్యాటరీ నీళ్ళు కాదు, డిస్టిల్డ్ లేదా డీమినరలైజ్డ్ అని రాసి ఉండాలి. లేబుల్ లేని క్యాన్లలో పట్టుకొచ్చి పోసేవాళ్ళ దగ్గర కొనకండి.

రసాయనం

ఏసీ నీళ్ళలో ఖనిజాలు తక్కువే, ఆ మాట నిజం. కానీ అవి ఏసీ కాయిల్ మీద నుంచి జారి వస్తాయి. దుమ్ము, పాచి, ఒక్కోసారి కాయిల్ నుంచి కాస్త రాగి కూడా వెంట తెస్తాయి. అల్యూమినియానికి నీళ్ళలో కరిగిన రాగి మంచిది కాదు, అది వెళ్ళి అల్యూమినియం మీద పేరుకొని అక్కడ గుంట మొదలుపెడుతుంది. బ్యాటరీకి కూడా వద్దనే చెబుతాను.

ఆర్ఓ నీళ్ళు దారిలో ఇబ్బంది వస్తే సరిపోతాయి, బోరు నీళ్ళ కంటే చాలా నయం. షాపు క్యాన్ నీళ్ళు తాగడానికి తయారుచేసినవి, రుచి కోసం కొన్నిటిలో ఖనిజాలు తిరిగి కలుపుతారు.

తాగడానికి పనికొచ్చే నీళ్ళు రేడియేటర్‌కు పనికొస్తాయనుకోవడం సరికాదు, కొలతలు చూడండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కరిగిన ఘనపదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే నీటి దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. క్లోరైడ్ 250 దాకా పరవాలేదు. భారీ డీజిల్ ఇంజన్ల కూలెంట్‌లో కలిపే నీళ్ళకు సాధారణంగా చెప్పే హద్దులు, అవే మిల్లీగ్రాముల లెక్కలో: మొత్తం ఘనపదార్థాలు 340, క్లోరైడ్ 40, సల్ఫేట్ 100, కాఠిన్యం 170. మన వైపు చాలా బోర్ల నీళ్ళు ఈ హద్దులు దాటే ఉంటాయి.

సువర్ణముఖి

మేడం పోస్ట్ చదివి నీళ్ళలో కరిగిన ఘనపదార్థాలు కొలిచే టీడీఎస్ మీటరు పక్కింటివాళ్ళది తెచ్చి చూశాను. మా బోరు 900 దాటింది. పాత ఓనర్ ఊరిది ఇంకా ఉప్పు నీళ్ళు, అక్కడ బిందెల అడుగున కూడా తెల్లగా పేరుకుంటుంది.

నీవా

అలాంటి నీళ్ళలో కూలెంట్ కలిపితే కూలెంట్ కాపాడదా? చాలామంది అదే చేస్తున్నారు కదా.

రసాయనం

కొంత కాపాడుతుంది, త్వరగా అయిపోతుంది. ఫాస్ఫేట్ ఉన్న కూలెంట్‌ను సున్నం ఎక్కువున్న నీళ్ళలో కలిపితే కాల్షియం ఫాస్ఫేట్‌గా విరిగి అడుగుకు చేరుతుంది. నిరోధకం పోయింది, దాని బదులు సున్నపు పొర లాంటిది ఏర్పడింది, రెండు విధాలా నష్టం. యూరప్ కార్ల కంపెనీలు ఫాస్ఫేట్ వద్దనుకోవడానికి అక్కడి కఠిన జలమే కారణం. జపాన్ కంపెనీలు అదే ఫాస్ఫేట్‌ను ఇష్టపడి, సిలికేట్‌ను పక్కన పెడతాయి. కఠిన జలంలో విరిగిన ఆ కాల్షియం ఫాస్ఫేట్ పలుకులు వాటర్ పంపు సీలును కూడా అరగదీస్తాయి.

కూలెంట్‌ను పరీక్షించేటప్పుడు మాత్రం కావాలనే చెడ్డ నీళ్ళు వాడతారు. ఏఎస్‌టీఎం డీ1384 అనే గాజుపాత్ర పరీక్షలో క్లోరైడ్, సల్ఫేట్, బైకార్బనేట్ ఒక్కొక్కటి 100 పీపీఎం (దాదాపు లీటరుకు 100 మిల్లీగ్రాములు) చొప్పున కలిపిన నీళ్ళలో కూలెంట్ పోసి, రాగి, టంకం, ఇత్తడి, ఉక్కు, పోత ఇనుము, అల్యూమినియం ముక్కలను అందులో ముంచి, 88 డిగ్రీల దగ్గర గాలి ఊదుతూ 336 గంటలు ఉంచుతారు. తర్వాత ఏ ముక్క ఎంత బరువు తగ్గిందో తూస్తారు. మంచి కూలెంట్ ఆ నీళ్ళను రెండు వారాలు తట్టుకుంటుంది. మన ఇంజన్‌లో అది రెండేళ్ళు, అయిదేళ్ళు ఉండాలి.

కుప్పం పెట్రోల్

రంగు సంగతి తేల్చండి. నా బండిలో పచ్చది ఉంది, షాపులో ఎర్రది ఇచ్చారు, కలపొచ్చా?

స్పానర్17

రంగు చూసి కలపొద్దు, రంగు చూసి వద్దనొద్దు. రంగు కంపెనీ ఇష్టం. డబ్బా వెనక ఏ రకమో, ఏ ప్రమాణమో చూడు. ఐఎస్ 5759, జేఐఎస్ కే 2234, ఏఎస్‌టీఎం డీ3306 లాంటివి ఉంటాయి. నీ బండి పుస్తకంలో ఏది రాశారో అది కొను. రకం తెలియకపోతే పైపైన కలపడం కంటే మొత్తం దించి కొత్తది పోసుకోవడం మేలు.

రసాయనం

అన్నగారి మాటకు కారణం చెబుతాను. పాత తరహా కూలెంట్లలో సిలికేట్, ఫాస్ఫేట్ లాంటి ఖనిజ లవణాలుంటాయి. పోసిన కొద్ది సమయంలోనే లోహమంతా పొర వేస్తాయి, కానీ ఖర్చైపోతాయి, అందుకే మామూలుగా రెండేళ్ళకు మార్చాలి. కొత్త తరహావి సేంద్రియ ఆమ్లాల మీద ఆధారపడతాయి. తుప్పు మొదలయ్యే చోటే పని చేస్తాయి, నెమ్మదిగా తరుగుతాయి, అయిదేళ్ళ దాకా వస్తాయి. రెండూ కలిసిన మిశ్రమ రకాలు కూడా ఉన్నాయి. వీటిని ఎడాపెడా కలిపితే ఆ అయిదేళ్ళ ఆయుష్షు ఉండదు, కొన్ని జతలు చిక్కబడి జిగురుగా కూడా మారతాయి.

ఘాట్‌రోడ్

కొండ ఎక్కే బండ్లకు ఇంకో మాట. కూలెంట్ పోస్తే బండి ఎక్కువ చల్లబడుతుందని షాపుల్లో చెబుతుంటారు. వట్టి నీళ్ళే నిజానికి వేడిని ఎక్కువ మోస్తాయి. తేడా మరిగే దగ్గర ఉంది. తిరుమల ఎత్తులో మూత లేకుండా నీళ్ళు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. సగం-సగం కూలెంట్, 1 బార్ ఒత్తిడి మూత సరిగ్గా ఉంటే 125 డిగ్రీలు దాటినా మరగదు. అందుకే మూత చాలా ముఖ్యం. రబ్బరు ఎండిపోయిన మూతతో ఎంత మంచి కూలెంట్ పోసినా ఘాట్‌లో ఆవిరి కక్కుతుంది. మూతలోని వాక్యూమ్ వాల్వ్ పట్టేస్తే, బండి చల్లారాక పై హోస్ చప్పిడి పడిపోయి కనిపిస్తుంది. అప్పుడు సందుల నుంచి గాలి లోపలికి పీల్చుకుంటుంది, గాలి అంటే తుప్పుకు ఆక్సిజన్.

అలిపిరి దాటాక పొగలు కక్కుతున్న బండిని పక్కన ఆపి, వెంటనే మూత తిప్పేవాళ్ళను చూస్తుంటాను. దయచేసి అలా చేయకండి, మొహం కాలిపోతుంది. చల్లారేదాకా ఆగండి. కాగిన ఇంజన్లో చల్లనీళ్ళు పోస్తే హెడ్డు పగలొచ్చు.

తోతాపురి

ఘాట్ బండ్లకు థర్మోస్టాట్ తీసేస్తే వేడి తగ్గుతుందని మా మెకానిక్ అంటాడు. నిజమా?

స్పానర్17

దీని మీద షెడ్లలో నేను వాదించని రోజు లేదు. థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వ్. చాలా బండ్లలో అది 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలుపెడుతుంది. ఒకసారి పూర్తిగా తెరుచుకున్నాక ఘాట్‌లో అది అడ్డం కానే కాదు. తీసేస్తే ఏమవుతుంది? మైదానంలో, చలికాలం పొద్దున ఇంజన్ కావలసినంత వేడెక్కదు. డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో తేమ నిలిచి బురద కడుతుంది, సిలిండర్ అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్, రేడియేటర్‌ను తప్పించే బైపాస్ దారిని కూడా మూస్తుంది. అలాంటివాటిలో తీసేస్తే కొన్ని నీళ్ళు రేడియేటర్‌కు పోకుండానే తిరిగొచ్చి వేడి ఇంకా పెరుగుతుంది. వేడెక్కుతోందంటే కారణం వేరే ఉంది, దాన్ని వెతకాలి. పాడైతే కొత్తది వేయాలి.

నీవా

మా డ్రైవర్ల దగ్గర రేడియేటర్ కారితే పసుపు పోయడం ఇంకా ఉంది. దారిలో ఇల్లు చేరడానికి పనికొస్తుంది, కాదనను. కానీ ఊరు చేరాక ఎవ్వరూ కడగరు. అది సన్న గొట్టాల్లో, బండి లోపలికి వేడి గాలినిచ్చే హీటర్ కోర్‌లో గడ్డకడుతుంది. నీళ్ళలో కలిసిపోయే సోల్యుబుల్ ఆయిల్ పోసే అలవాటు కూడా ఉండేది. లోహానికి కాస్త కాపు ఇస్తుంది, కానీ రబ్బరు హోసులు ఉబ్బిపోతాయి.

కరెంటు పని · పుత్తూరు, ఆటో ఎలక్ట్రీషియన్

ఒక విషయం ఎవరూ రాయలేదు. కొత్త రేడియేటర్ వేసిన కొద్ది నెలలకే మళ్ళీ చిల్లు పడితే కూలెంట్‌ను మాత్రమే అనుమానించకండి. ఎర్త్ వైరు చూడండి. ఇంజన్ నుంచి బాడీకి వెళ్ళే ఎర్త్ పట్టీ తుప్పుపట్టి వదులైతే, స్టార్టర్, ఫ్యాన్, తర్వాత బిగించిన ఎక్స్‌ట్రా లైట్ల కరెంటు కూలెంట్ గుండా దారి వెతుక్కుంటుంది. అప్పుడు రేడియేటర్ కరిగిపోతుంది.

చూడటం సులభం. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీయండి. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్‌కు, ఎర్ర ప్రోబ్ కొన కూలెంట్‌లో ముంచండి, లోహానికి తగలకూడదు. లైట్లు, ఫ్యాన్, ఏసీ ఒక్కొక్కటే వేస్తూ ముల్లు చూడండి, స్టార్టర్ తిప్పేటప్పుడు కూడా. 0.3 వోల్టు దాటితే అనుమానించాల్సిందే. ఏ స్విచ్ వేసినప్పుడు పెరిగిందో ఆ సర్క్యూట్ ఎర్త్ శుభ్రం చేయండి. కొందరు లైట్ల ఎర్త్ వైరును రేడియేటర్ బోల్టుకే బిగిస్తారు, అది అసలు చేయకూడని పని.

సువర్ణముఖి

ఇది చాలా ఉపయోగపడే పోస్ట్ అన్నా, నా బండికి కూడా ఎవరో ఫాగ్ లైట్లు బిగించారు, చూస్తాను. స్పానర్ అన్నా, కడిగే పద్ధతి చెప్పండి. ఆదివారం నేను, మా తమ్ముడు కూర్చుని చేద్దామనుకుంటున్నాం.

స్పానర్17

మొదట హెడ్ గ్యాస్కెట్ బాగుందో లేదో తేల్చుకో నాయనా. ఇంజన్ నడుస్తుండగా రిజర్వాయర్ బాటిల్‌లో ఆగకుండా బుడగలు వస్తున్నా, ఆయిల్ మూత కింద పాలలాంటి జిడ్డు కనిపించినా కడగడం ఆపు. పొగ గ్యాసు కూలెంట్‌లో కలుస్తుంటే అది ఆమ్లంగా మారుతూనే ఉంటుంది, ఎంత ఖరీదైనది పోసినా వృథా.

అది బాగుంటే, పూర్తిగా చల్లారిన ఇంజన్ మీద పని మొదలుపెట్టు. హీటర్ నాబ్ వేడి వైపు తిప్పు, లేకపోతే హీటర్ కోర్‌లోని బురద అక్కడే ఉంటుంది. రేడియేటర్ కింది ప్లగ్గు తీసి దించు. బ్లాకుకు కూడా డ్రెయిన్ ప్లగ్గు ఉంటుంది, అది తీయకపోతే పాత నీళ్ళలో చాలా భాగం లోపలే ఉండిపోతుంది. ఆ ప్లగ్గు తీసినా నీళ్ళు రాకపోతే బురద అడ్డుపడిందన్నమాట, సన్న తీగతో జాగ్రత్తగా పొడువు. రిజర్వాయర్ బాటిల్ విప్పి విడిగా కడుగు.

థర్మోస్టాట్ బయటకు తీసి, హౌసింగ్ మూసి, నీళ్ళు నింపి ఇంజన్ నడిపి, చల్లారనిచ్చి దించు. ఇటుక రంగు తగ్గేదాకా ఇలాగే. నీ బండికి వట్టి నీళ్ళతో పోదనుకుంటాను. రేడియేటర్ ఫ్లష్ డబ్బా తెచ్చి, అల్యూమినియానికి పనికొస్తుందని రాసి ఉంటేనే, దాని మీద చెప్పినంతే, చెప్పినంత సేపే వాడు. నిమ్మ ఉప్పు కూడా ఇనుప తుప్పును బాగా కరిగిస్తుంది, కానీ అదీ ఆమ్లమే, లోపల ఉంచేసి రెండు రోజులు తిరగకూడదు. బట్టల సోడా, కాస్టిక్ సోడా వద్దు, అల్యూమినియం క్షారాన్ని కూడా తట్టుకోలేదు. తర్వాత కడగడమే ముఖ్యం. ఆఖరి రెండు విడతలు బ్యాటరీ నీళ్ళతో.

ఇప్పుడు అందరూ వదిలేసే విషయం. ఎంత దించినా బ్లాకులో కొన్ని నీళ్ళు మిగులుతాయి. ముందే నీళ్ళు కలిపి అమ్మే రెడీమిక్స్ పోస్తే ఆ నీళ్ళతో పలచబడుతుంది. అందుకని కాన్సంట్రేట్ కొను. పుస్తకంలో కూలెంట్ మొత్తం ఎంత పడుతుందో చూసి, డబ్బా 1:1 అంటే అందులో సగం కాన్సంట్రేట్ ముందు పోసి, మిగతాది బ్యాటరీ నీళ్ళతో నింపు. అప్పుడు పాళ్ళు సరిగ్గా వస్తాయి. మూడో వంతు కంటే పలచన కాకూడదు, నిరోధకం చాలదు. వట్టి కాన్సంట్రేట్ కూడా పోయకూడదు, వేడిని సరిగ్గా మోయదు. షెడ్డులో చెప్పిన లీటరు లెక్క నీ బండికి ఏ మూలకూ రాదు.

మూత కొత్తది వేయి. థర్మోస్టాట్ వేడి నీళ్ళలో తెరుచుకుంటోందో చూసి బిగించు. గాలి తీసే స్క్రూ ఉంటే అది వదులు చేసి నింపు. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ తడి గీత ఉందేమో టార్చి వేసి చూడు.

రేణిగుంట రైడర్

దించిన పాత కూలెంట్ ఎక్కడ పారబోయాలి? మా వీధిలో డ్రైనేజీలోనే వదిలేస్తున్నారు.

రసాయనం

దయచేసి వద్దు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, పిల్లులు నాకుతాయి, కొద్దిగా తాగినా కిడ్నీలు పోయి చనిపోతాయి. మన వైపు ప్రతి ఇంటి ముందూ పాడి ఉంటుంది, ఆవులు గేదెలు తొట్టి నీళ్ళనుకుని మూతి పెడతాయి. వెడల్పు బేసిన్‌లో పట్టి వెంటనే మూత ఉన్న డబ్బాలో పోసి, మీద పేరు రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి. పాత ఇంజన్ ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటర్లలో అడగండి, కానీ రెండూ ఒకే డబ్బాలో కలపకండి. కింద ఒలికితే మట్టో రంపపు పొట్టో వేసి ఎత్తేయండి. పొరపాటున ఎవరైనా తాగితే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

సువర్ణముఖి

ఆదివారం పని అయింది. బ్లాకు ప్లగ్గు తీస్తే స్పానర్ అన్న చెప్పినట్టే మొదట ఏమీ రాలేదు. తీగతో పొడిస్తే చిక్కటి ఎర్ర బురద, దాని వెంట నీళ్ళు. ఫ్లష్ వాడాక వచ్చినవి అన్నిటికంటే ముదురు రంగు. తర్వాత తేటబడ్డాయి. ఎగ్జాస్ట్ వైపు ఒక డమ్మీ ప్లగ్గు (బ్లాకు రంధ్రాన్ని మూసే రేకు బిళ్ళ) అంచు చెమ్మగా కనిపించింది, స్క్రూడ్రైవర్‌తో నొక్కితే రేకు లోపలికి వంగింది. వరసలో ఉన్నవన్నీ కొత్తవి వేయించాను.

ఫాగ్ లైట్ల ఎర్త్ రేడియేటర్ పక్క బోల్టుకే ఉంది. లైట్లు వేస్తే మీటరు 0.4 చూపించింది. వైరు తీసి బ్యాటరీ నెగటివ్‌కు కలిపాక దాదాపు సున్నా. పుత్తూరు అన్నకు ధన్యవాదాలు.

ఇవాళ బాకరాపేట ఘాట్ ఏసీ వేసుకొని ఎక్కాను, ముల్లు సగం దగ్గరే నిలిచింది. దించిన కూలెంట్ డబ్బా సర్వీస్ సెంటర్‌లో తీసుకున్నారు.

స్పానర్17

బాగుంది నాయనా. రెండు మూడు రోజులు తిరిగాక పొద్దున చల్లగా ఉన్నప్పుడు లెవెల్ మళ్ళీ చూడు, లోపల మిగిలిన గాలి బయటకు వచ్చి కొంచెం దిగుతుంది. అది మామూలే. అప్పుడు వట్టి నీళ్ళు పోయొద్దు, అదే పాళ్ళలో కలిపి ఒక సీసా డిక్కీలో ఉంచుకో. వారం తర్వాత కూడా దిగుతూనే ఉంటే మాత్రం ఇక్కడ రాయి, వాటర్ పంపు చూద్దాం.